సముద్రంలో గాలి కరెంటా, అల కరెంటా, రెండూ కలిపా? నెల్లూరు, ప్రకాశం తీరానికి ఏది నప్పుతుంది

మా మేనల్లుడు ఒంగోలులో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ప్రాజెక్టు సంగతి ఎత్తాడు. "మామా, సముద్రంలో గాలిమరలు, అలల నుంచి కరెంటు తీసే యంత్రాలు ఒకేచోట పెడితే ఖర్చు బాగా తగ్గుతుందంట. మన తీరానికి అదే బెస్ట్ అని రాసేయనా?" అని అడిగాడు.

మాది కొత్తపట్నానికి కాస్త దక్షిణాన ఉన్న ఒక పాలెం. పదకొండేళ్లు ఓడరేవుల దగ్గర బ్రేక్‌వాటర్ (అలలను ఆపే రేవు గోడ) పనుల్లో సైట్ ఇంజినీరుగా చేశాను. ఇప్పుడు తమ్ముడితో కలిసి రొయ్యల గుంటలు చూసుకుంటున్నాను. కాబట్టి అల దెబ్బా తెలుసు, కరెంటు బిల్లు దెబ్బా తెలుసు. ఆ రోజు అరిసెలు తింటూ వాడికి సగమే చెప్పగలిగాను. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. వాడిలాంటి విద్యార్థులకు, రేపు ఏదైనా కంపెనీ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే వెళ్లి కూర్చునే మన పాలేల పెద్దలకు పనికొస్తుందని.

ముందు ఒక చిక్కు విప్పాలి. అల కరెంటు వేరు, పోటుపాట్ల కరెంటు వేరు. చాలామంది రెండూ కలిపేస్తారు. పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం తేడా గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ దగ్గర పది మీటర్ల వరకు ఉంటుంది. మన కృష్ణపట్నం దగ్గర మీటరు అటూ ఇటూ. కాబట్టి పోటుపాట్ల కరెంటు మనకు లెక్కలోకే రాదు, దాన్ని వదిలేద్దాం. మిగిలేవి మూడు దారులు: గాలి ఒక్కటే, అల ఒక్కటే, రెండూ కలిపి.

అల బలం ఎంత?

వాడికి నేను మొదట చేయించింది ఈ లెక్కే. లోతు నీళ్లలో ఒక మీటరు వెడల్పు అల ఎంత శక్తి మోసుకొస్తుందో తెలియాలంటే ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది. అల ఎత్తును అదే ఎత్తుతో గుణించు, రెండు అలల మధ్య ఎన్ని సెకన్లో దానితో గుణించు, అందులో సగం తీసుకో. వచ్చేది కిలోవాట్లలో ఉంటుంది. (ఇక్కడ ఎత్తు అంటే శాస్త్రవేత్తలు చెప్పే సగటు లెక్క, ఒడ్డున నిలబడి కంటితో చూసే ఒక్క పెద్ద అల కాదు.)

మామూలు రోజుల్లో మన తీరం వెంట ఆ ఎత్తు మీటరు చుట్టుపక్కల ఉంటుంది. ఎనిమిది సెకన్లకు ఒక అల అనుకుందాం. ఒకటిని ఒకటితో, ఎనిమిదితో గుణించి సగం చేస్తే 4 కిలోవాట్లు. అదే స్కాట్లాండ్, పోర్చుగల్ వైపు అట్లాంటిక్‌లో మూడు మీటర్ల అల పది సెకన్లకు ఒకటి వస్తుందనుకో, 45 కిలోవాట్లు. అల ఎత్తు మూడింతలైతే శక్తి పదింతలు దాటింది. ఎత్తు వర్గంలోకి పోవడమే దీనికి కారణం.

అల కరెంటు యంత్రాలు చాలావరకు ఆ అట్లాంటిక్ అలను దృష్టిలో పెట్టుకుని చేసినవే. కార్‌పవర్ అనే స్వీడన్ కంపెనీ 2023లో పోర్చుగల్ తీరంలో అగుసడౌరా దగ్గర 300 కిలోవాట్ల తేలే యంత్రాన్ని దింపింది. అది పెద్ద తుపాను అలలకు కూడా తట్టుకుని నిలిచింది, మెచ్చుకోవాల్సిందే. కానీ అదే యంత్రాన్ని తెచ్చి మైపాడు ఎదుట పెడితే దానికి దొరికే మేత పదో వంతు. ఒంగోలు గిత్తకు పూటకు గుప్పెడు గడ్డి వేసి బండలాగుడు పందేనికి తోలినట్టు ఉంటుంది.

మన దేశంలో అల కరెంటు కొత్త మాట కాదు. కేరళలో విళింజం దగ్గర ఐఐటీ మద్రాస్ వాళ్లు 1991లోనే 150 కిలోవాట్ల కేంద్రం కట్టి గ్రిడ్‌కు కలిపారు. కాంక్రీటు గది లోపల నీళ్లు లేస్తూ దిగుతూ ఉంటే పైన ఉన్న గాలి బయటికీ లోపలికీ ఊపిరి తీస్తున్నట్టు కదులుతుంది. ఆ గాలి దారిలో టర్బైన్ పెడతారు. గాలి ఎటు వెళ్లినా ఒకే వైపు తిరగడం ఆ టర్బైన్ ప్రత్యేకత. కనిపెట్టినాయన పేరు మీద దాన్ని వెల్స్ టర్బైన్ అంటారు. ఇప్పుడు ఆ కేంద్రం పని చేయడం లేదు. 2022 నవంబరులో అదే ఐఐటీ వాళ్లు తూత్తుకుడి తీరానికి ఆరు కిలోమీటర్ల దూరంలో, 20 మీటర్ల లోతులో సింధుజ-1 అనే తేలే యంత్రాన్ని పరీక్షించారు. దాని నుంచి వచ్చింది 100 వాట్లు. కిలోవాట్లు కాదు, వాట్లే. ఒకటి రెండు ఫ్యాన్లు తిరుగుతాయి. ఎగతాళికి చెప్పడం లేదు. మన సముద్రంలో అది తొలి అడుగుల్లో ఒకటి, అడుగు చిన్నదే ఉంటుంది. అయితే మన ఊరి సభకు వచ్చి మెగావాట్ల కబుర్లు చెప్పేవాళ్లను ఈ 100 వాట్ల గురించి అడగాలి.

గాలి సంగతి

గాలి శక్తి వేగం ఘనంలో పెరుగుతుంది. సెకనుకు 6 మీటర్ల గాలికీ 9 మీటర్ల గాలికీ వేగంలో తేడా ఒకటిన్నర రెట్లే, శక్తిలో తేడా మూడు రెట్ల పైమాట. అందుకే కన్యాకుమారి, రామేశ్వరం వైపు సముద్రం మీద అందరి కన్నూ పడింది. కేంద్ర ప్రభుత్వం 2015లో సముద్ర గాలి విద్యుత్ విధానం తెచ్చింది. 2024 జూన్‌లో 7,453 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. అందులో 6,853 కోట్లు గుజరాత్‌లో 500, తమిళనాడులో 500 మెగావాట్లకు, మిగతా 600 కోట్లు రెండు రేవులను ఆ పనికి తగ్గట్టు మార్చడానికి. ఆంధ్ర ఆ మొదటి జాబితాలో లేదు. గాలి మనకంటే అక్కడ బలంగా ఉండటమే ముఖ్య కారణం, అందులో రాజకీయం వెతకనక్కరలేదు.

ఆ సాయాన్ని మెగావాట్ల మీద పంచి చూడండి. మెగావాట్‌కు 6.85 కోట్లు. ఇది సాయం మాత్రమే, మొత్తం ఖర్చు కాదు. నేల మీద సోలార్ అయితే నాలుగైదు కోట్లలో మెగావాట్ ప్లాంటే పూర్తవుతుంది. సముద్రంలో పని ఎంత ఖరీదో దీన్ని బట్టే అర్థమవుతుంది. ఇది రాసేనాటికి మన దేశపు సముద్రంలో వాణిజ్యపరంగా తిరుగుతున్న గాలిమర ఒక్కటి కూడా లేదు.

మరి సోలార్ పెట్టుకుంటే పోలా అంటారా? పెట్టుకోవాలి కూడా. కానీ మా గుంటల్లో ఎరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) గట్టిగా తిరగాల్సింది రాత్రి, అందులోనూ తెల్లవారుజామున. ఆక్సిజన్ పడిపోయేది అప్పుడే. రాత్రి రెండు గంటలకు కరెంటు పోయిందంటే జనరేటర్ స్టార్ట్ అయ్యేదాకా టెన్షనే. ఆ వేళకు సోలార్ ఉండదు. గాలికీ అలకీ పగలూ రాత్రీ తేడా లేదు కాబట్టే వీటి గురించి ఇంత దూరం ఆలోచిస్తున్నాను. పైగా నేల మీద ఎకరాలు అడిగితే ఏం జరుగుతుందో కరేడు రైతుల ఆందోళనలో చూశాం.

కాబట్టి మెగావాట్లు పక్కనపెట్టి ఎరేటర్లలో లెక్కేద్దాం. రెండు హార్స్‌పవర్ ఎరేటర్ ఒకటికి సుమారు ఒకటిన్నర కిలోవాట్లు కావాలి. ఇప్పుడు వస్తున్న 15 మెగావాట్ల సముద్ర గాలిమర ఒక్కటి ఏడాది పొడవునా సగటున తన సామర్థ్యంలో 30 శాతం ఇచ్చినా 4.5 మెగావాట్లు, అంటే మూడు వేల ఎరేటర్లు. అల వైపు చూస్తే, 300 మీటర్ల పొడవున అలను ఆపి పట్టామనుకుందాం. మీటరుకు 4 కిలోవాట్ల చొప్పున 1,200 కిలోవాట్లు వస్తాయి. అందులో నాలుగో వంతు కరెంటుగా మారితే 300 కిలోవాట్లు, రెండు వందల ఎరేటర్లు. ఆ నాలుగో వంతు కూడా ఆశతో వేసిన అంకె.

మూడు వేలూ రెండు వందలూ. రెండూ కలపాలా వద్దా అనే ప్రశ్నకు వచ్చేటప్పుడు ఈ అంకెలు మనసులో ఉంచుకోండి.

కలిపితే ఏం కలిసొస్తుంది?

కలపడంలోనూ మూడు రకాలున్నాయి. ఒకే తేలే వేదిక మీద గాలిమర, దాని కింద అల యంత్రం పెట్టడం మొదటిది. ఒకే జాగాలో గాలిమరలు వేరుగా, వాటి సందుల్లో అల యంత్రాలు వేరుగా పెట్టి, ఒడ్డుకు ఒకే కేబుల్ లాగడం రెండోది. మూడోదాన్ని ఎవరూ కలపడం అనరు కానీ నేనంటాను: గాలిమరలు దూరంగా సముద్రంలో, అల యంత్రాలు రేవు గోడలో, రెండింటికీ ఒడ్డున సబ్‌స్టేషన్, రిపేరు బోట్లు, కొలతలు, మనుషులు ఒకటే.

మొదటి రకాన్ని నిజంగా చేసి చూసినవాళ్లు డెన్మార్క్‌లో ఉన్నారు. పొసైడాన్ అనే 37 మీటర్ల వెడల్పు వేదికను 2008లో లోలాండ్ దీవి దగ్గర దింపి, తర్వాత దాని మీద 11 కిలోవాట్ల చిన్న గాలిమరలు మూడు నిలబెట్టారు. ప్రపంచంలోనే మొదటి సముద్ర గాలిమరల క్షేత్రం విండెబీ పక్కనే ఈ పరీక్ష జరిగింది. విండెబీ 1991లో 11 మరలతో మొదలైంది. దాని ఆయుష్షు తీరి 2017లో పీకేశారు. ఈలోపు గాలిమరలు 450 కిలోవాట్ల నుంచి 15 మెగావాట్లకు ఎదిగాయి. అల యంత్రాలు ఆ వేగంతో ఎదగలేదు. పోర్చుగల్‌లో 2008లోనే పెలామిస్ అనే పాములాంటి యంత్రాలు మూడు, ఒక్కోటి 750 కిలోవాట్లవి, పెట్టారు. రెండు నెలలకే ఒడ్డుకు లాగేశారు. 2014లో ఆ కంపెనీ మూతపడింది.

ఈ రెండింటినీ ఒకే వేదిక మీద కట్టేయడమంటే కాపురం నిలదొక్కుకున్న అన్నకీ, ఉద్యోగం లేని తమ్ముడికీ కలిపి ఒకే అప్పు పత్రం రాయించడమే. తమ్ముడు తడబడితే బ్యాంకు అన్న మీదికొస్తుంది.

రెండో రకానికి చెప్పే లాభాలు నాలుగు. వాటిలో కేబుల్, రిపేరు బోట్లు పంచుకోవడం నిజమైనదే. కాకపోతే ఆ లాభం ఎవరికో చూడండి. వందల మెగావాట్ల గాలి కోసం వేసిన కేబుల్‌లో అల యంత్రం తన కాసింత కరెంటు పంపుకుంటుంది. పెదనాన్న ట్రాక్టరు మీద మన గడ్డిమోపు వేసుకున్నట్టు. మోపు మోసే కూలి మనకు మిగులుతుంది, పెదనాన్నకు డీజిల్ ఏమీ తగ్గదు. అంటే కలిపితే అల కరెంటు చవకవుతుంది, గాలి కరెంటు ధర దాదాపు అక్కడే ఉంటుంది. మా వాడు అన్న 'ఖర్చు బాగా తగ్గుతుంది'లో ఉన్న తిరకాసు ఇదే.

అల యంత్రాల వరస వెనుక నీళ్లు నెమ్మదిస్తాయి కాబట్టి గాలిమరలకు రిపేరుకు వెళ్లే రోజులు పెరుగుతాయని మరో లాభం చెప్తారు. నార్త్ సీకి ఇది బాగా నప్పుతుంది. చిన్న బోట్లోంచి మనుషులు గాలిమర నిచ్చెన ఎక్కాలంటే అల ఎత్తు ఒకటిన్నర మీటర్లు దాటకూడదు. అక్కడ చలికాలమంతా అది దాటే ఉంటుంది. మన దగ్గర మామూలు రోజుల్లో మీటరే కదా, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎలాగూ ఎక్కొచ్చు. లేని రోగానికి మందు కొనడం ఎందుకు?

నాలుగోది కాస్త ఆసక్తికరమైనది. గాలి ఆగినా అల కొంతసేపు ఆగదు, కాబట్టి కరెంటు ఎగుడుదిగుళ్లు తగ్గుతాయంటారు. మన తీరానికి ఇది ఎంతవరకు నిజం? ఇక్కడ మా పెదనాన్న లాంటి చేపల వేటగాళ్ల మాట పనికొచ్చింది. నైరుతి కాలంలో పడమటి గాలి ఎంత గట్టిగా వీచినా ఒడ్డు దగ్గర సముద్రం మరీ రేగదు. గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది, అల లేవడానికి దానికి పరుగు దూరం దొరకదు. అప్పుడు మనకొచ్చే అల ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టి రోజుల తరబడి నడిచొచ్చిన పొడవాటి ఉబ్బు అల. ఈశాన్య కాలంలో కథ తిరగబడుతుంది. గాలి బంగాళాఖాతం మొత్తం ఉరికొస్తుంది, గాలీ అలా కలిసే లేస్తాయి, కలిసే పడతాయి. అంటే ఆరు నెలలు ఒకదానికొకటి సంబంధం లేకుండా, మూడు నెలలు ఒకే తాడుకు కట్టినట్టు. ఎగుడుదిగుళ్లు కొంత తగ్గుతాయి, నిజమే. కానీ మూడు వేల ఎరేటర్ల గాలి పడిపోయినప్పుడు రెండు వందల ఎరేటర్ల అల ఏం ఆదుకుంటుంది? సరిచేయాలంటే అల వైపు ఇప్పుడున్నదానికి పదిహేను రెట్లు కావాలి. అంత డబ్బుంటే బ్యాటరీలు కొనుక్కోవడం తేలిక.

సందులు ఖాళీ కావు

ఈ విషయం దగ్గర కాస్త ఆగుతాను. చదివిన పేపర్లలో దాదాపు ఎక్కడా కనిపించనిది ఇదే.

గాలిమరకూ గాలిమరకూ మధ్య రెక్కల చుట్టు వెడల్పుకు ఏడు రెట్లు దూరం వదులుతారు, ఒకదాని గాలి ఒకటి తినకుండా. 15 మెగావాట్ల మర రెక్కల చుట్టు 236 మీటర్లనుకుంటే, మధ్య దూరం పదహారు వందల మీటర్లు దాటుతుంది. ఇంజినీరు మ్యాపులో ఆ పదహారు వందల మీటర్లు ఖాళీ జాగా. 'వృథాగా పడి ఉన్న ఈ జాగాలో అల యంత్రాలు పెడితే...' అని వాక్యం మొదలవుతుంది.

మా పాలెంలో అడగండి, అది ఖాళీనా అని. అది దారి. ఫైబర్ బోటు వేసుకుని తెల్లారకముందే పోయి, వల వదిలి, నీటి వాలుకు కొంత దూరం జారి, మళ్లీ లాక్కునే జాగా. గాలిమర ఒక్కటే ఉంటే స్తంభాన్ని చూసి పక్కకు తప్పుకోవచ్చు. బ్రిటన్‌లో గాలిమరల మధ్య వేటాడటం నిషేధం కూడా కాదు. కానీ తేలే అల యంత్రం కింద మూడు నాలుగు వైపులకు లంగరు తాళ్లు చాచి ఉంటాయి. పైకి కనబడవు. వల వాటికి తగులుకుందంటే వల పోతుంది, ఒక్కోసారి బోటు బోల్తా కొడుతుంది. సందులు పూడ్చడమంటే వేట దారులు పూడ్చడమే.

పొరుగు రాష్ట్రం పెద్ద బోట్లు వచ్చి వలలు కోసుకుపోతున్నాయని నెల్లూరు తీరంలో ఏళ్లుగా గొడవలున్నాయి. మన చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా మరబోట్లు రాకూడదు, అది చిన్న బోట్లవాళ్లది. ఆ 8 కిలోమీటర్లలో లంగరు తాళ్ల అల యంత్రాలు పెడతామంటే ఏ పాలెమూ ఒప్పుకోదు. పెద్దలు కూర్చుని దురాయి (ఊరి కట్టుబాటు) వేస్తే ఎవరి పర్మిషన్లూ పనికిరావు. దూరంగా, 15, 20 కిలోమీటర్ల అవతల గాలిమరలు మాత్రమే అంటే మాట్లాడటానికి చోటుంటుంది. కేబుల్ పని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో పెట్టుకుంటామని కంపెనీ రాసిస్తే ఇంకా మంచిది. జనవరి నుంచి మార్చి వరకు మాత్రం ఒడ్డు తవ్వకూడదు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం.

మన తీరంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పశ్చిమ తీరంతో పోలిస్తే ఇక్కడ తక్కువ లోతు సముద్రం ఇరుకు. కాస్త దూరం పోగానే బారల లెక్క గబగబా పెరుగుతుంది. 50, 60 మీటర్ల లోతు దాటితే అడుగున పాతే గాలిమర కుదరదు, తేలేది కావాలి. తేలే మరలకు కూడా లంగరు తాళ్లుంటాయి. అందుకే అడుగున పాతగలిగే ఆ కొద్దిపాటి జాగాను వేటగాళ్లతో కూర్చుని ముందే గీసుకోవాలి.

1989 నవంబరు

నేను అప్పుడు రెండో తరగతి. కావలి తుపాను అంటే మా ఇళ్లల్లో ఇప్పటికీ తేదీలాగా వాడతారు, 'తుపాను ముందు పుట్టాడు, తర్వాత పుట్టాడు' అని. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి నేల దాటి బంగాళాఖాతంలోకి వచ్చి మళ్లీ బలం పుంజుకుని కావలి దగ్గర ఒడ్డెక్కింది. గాలి గంటకు 230 కిలోమీటర్లకు తగ్గలేదు.

గాలిమరలకు అంతర్జాతీయ ప్రమాణాల్లో తుపాను ప్రాంతాల కోసం 'టీ' అనే తరగతి ఉంది. పది నిమిషాల సగటున సెకనుకు 57 మీటర్లు, అంటే గంటకు 205 కిలోమీటర్ల గాలికి తట్టుకోవాలి. తుపాను వేగాన్ని మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటుతో చెబుతుంది కాబట్టి రెండు అంకెల్నీ నేరుగా పక్కపక్కన పెట్టకూడదు. అయినా కావలి లాంటిది ఆ గీతకు బాగా దగ్గరగా వస్తుందని ఒప్పుకోక తప్పదు. 2003లో మయెమీ తుపానుకు జపాన్‌లోని మియకో దీవిలో గాలిమరలు కూలాయి. 2024 సెప్టెంబరులో యాగీకి చైనాలో హైనాన్ దీవి మీద విరిగాయి. ఇంకో చిన్న సంగతి: గాలి 90 కిలోమీటర్లు దాటాక మర ఆగిపోయి, గాలికి ఎదురు తిరిగి నిలబడాలి. అలా తిరగడానికి దానికి కరెంటు కావాలి. తుపానులో మొదట పోయేది కరెంటే. సొంత బ్యాటరీ లేని మరకు పర్మిషన్ ఇవ్వనే కూడదు.

అల యంత్రాలకు తుపాను ఇంకా కష్టం. స్కాట్లాండ్‌లో ఓస్ప్రే అనే యంత్రం 1995లో దింపుతుండగానే దెబ్బతిని పోయింది. ఆస్ట్రేలియాలో పోర్ట్ కెంబ్లా దగ్గర 2010లో ఒకటి లంగరు తెంచుకుని కొట్టుకొచ్చింది. ఇప్పుడు కలిపి పెట్టిన క్షేత్రాన్ని ఊహించుకోండి. వందల టన్నుల ఇనుప యంత్రం తాడు తెంచుకుంది, ఎదురుగా గాలిమరల వరస. ఈ ప్రమాదానికి ఇన్సూరెన్స్ ప్రీమియం ఎవరు కడతారు? నేను పనిచేసిన ఒక సైట్లో (ఎక్కడో చెప్పను) ఎనిమిది టన్నుల కాంక్రీటు దిమ్మెలు ఒక్క రాత్రి అలకు దొర్లి చోటు మారాయి. తెల్లారి చూసి కాంట్రాక్టరు తల పట్టుకున్నాడు. అప్పటి నుంచి తేలే వస్తువు మీద నాకు నమ్మకం తక్కువ. నా పక్షపాతం ఇది, దాచుకోను.

అలకు నేను వేసే ఓటు: రేవు గోడ

స్పెయిన్‌లో బాస్క్ తీరంలో ముత్రికు అనే చిన్న చేపల రేవు ఉంది. అక్కడ రేవుకు ఎలాగూ బ్రేక్‌వాటర్ కట్టాలి. కడుతూ కడుతూ గోడలోనే 16 గదులు వదిలి, ఒక్కో గది పైన 18.5 కిలోవాట్ల వెల్స్ టర్బైన్ పెట్టారు. మొత్తం 296 కిలోవాట్లు, 2011 నుంచి. విళింజంలో చూసిన సూత్రమే, కాకపోతే గోడ ఖర్చు రేవు ఖాతాలో పోయింది. కరెంటు ఖాతాలో పడింది గదులు, టర్బైన్లు మాత్రమే. లంగరు తాళ్లు లేవు, సముద్రంలో కేబుల్ లేదు, రిపేరుకు బోటు అక్కరలేదు. గోడ మీద నడుచుకుంటూ పోయి స్పానర్ పెట్టొచ్చు. వేటగాళ్ల దారికి అడ్డం అసలే రాదు.

మన తీరంలో కృష్ణపట్నం ఉంది, రామాయపట్నం ఉంది, జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ ఉంది. కొత్తపట్నం దగ్గర కూడా హార్బర్ కావాలని ఎప్పటి నుంచో అడుగుతున్నాం. కట్టేసిన రాళ్ల గోడలో గదులు తొలచలేం. కానీ కొత్తగా కట్టేదానికి, పొడిగించేదానికి డిజైన్ కాగితాల మీదే అడగొచ్చు. 300 కిలోవాట్లు పెద్ద విషయం కాకపోవచ్చు. ఒక ఫిషింగ్ హార్బర్‌కి ఐస్ ప్లాంటు, వేలం షెడ్డు, దీపాలు నడిపే వాటాలో అది మంచి సాయమే. ఒడ్డుకు దగ్గర నీటిలో అల ఇంకా బలం తగ్గుతుందని, నా 300 కూడా రాకపోవచ్చని ముందే చెప్తున్నా. బ్రేక్‌వాటర్ కడితే దానికి ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుందన్నది తూర్పు తీరంలో పాత అనుభవం. కరెంటు వస్తుందన్న సాకుతో అక్కరలేని గోడ కట్టొద్దు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ప్రాజెక్టు రాసే విద్యార్థికి: కలిపి పెట్టే వేదిక డిజైన్ చూడటానికి బాగుంటుంది, బొమ్మలు కూడా అందంగా వస్తాయి. దాని బదులు కృష్ణపట్నం దగ్గర సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ల అల కొలిచే బోయ్ (నీటి మీద తేలే కొలత పరికరం) లెక్కలు తీసుకుని, నెల వారీగా గాలికీ అలకీ సంబంధం ఎలా మారుతుందో చూడు. నేను పైన రాసిన 'ఆరు నెలలు, మూడు నెలలు' వేటగాళ్ల మాట. అంకెలతో తేలిస్తే అది నీ సొంత పని అవుతుంది. తర్వాత ఉద్యోగం కావాలంటే గాలి వైపు వెళ్లు, పరిశోధన మీద మోజుంటే అల వైపు. గాలి పరిశోధన సంస్థ ఎన్ఐడబ్ల్యూఈ, సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓటీ రెండూ చెన్నైలోనే ఉన్నాయి, నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి మాట్లాడి రావొచ్చు.

రొయ్యల రైతుకు: సముద్రపు కరెంటు కోసం ఇప్పుడే కాచుకుని కూర్చోవద్దు. పదేళ్ల మాట. ఈలోపు పగటికి సోలార్, రాత్రికి మంచి ఎరేటర్ మోటార్లు.

పాలెం పెద్దలకు మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎవరైనా 'గాలీ అలా కలిపి' అని వస్తే మొదట అడగాల్సింది, మీ అల యంత్రం ఏ సముద్రంలో ఎన్నేళ్లు ఆగకుండా నడిచింది అని. రెండేళ్ల లోపు చెబితే టీ తాగించి పంపండి. లంగరు తాళ్లు ఎక్కడెక్కడ ఉంటాయో జీపీఎస్ గుర్తులతో మ్యాపు అడగండి. అది మన బోట్లలో ఉన్న జీపీఎస్‌లోకి ఎక్కించి ఇవ్వమనండి. వల పోతే ఎన్ని రోజుల్లో ఎంత ఇస్తారో, కంపెనీ మూతపడితే యంత్రాన్ని సముద్రంలోంచి తీసే డబ్బు ముందే ఎక్కడ జమ చేశారో రాతలో అడగండి. పెలామిస్ కథ చెప్పింది అందుకే. కొలతలకు గాలి, అల బోయ్‌లు వేస్తామంటే అడ్డు చెప్పొద్దు. ఆ లెక్కలు మనకూ ఇవ్వాలని మాత్రం పట్టుబట్టండి, తుపాను ముందు రాత్రి వేటకు పోవాలా వద్దా తేల్చుకోవడానికి అవే పనికొస్తాయి.

మా వాడు చివరికి ప్రాజెక్టు పేరు మార్చాడు. 'కలిపి' అన్న మాట తీసేసి, కొత్తపట్నం హార్బర్ కడితే గోడలో ఎన్ని గదులు పట్టొచ్చో లెక్క వేస్తున్నాడు. నిన్న ఫోన్ చేసి, మీటరు అల అని నేను చెప్పింది ఫిబ్రవరిలో ముప్పావు మీటరుకు పడిపోతే శక్తి ఇంచుమించు సగానికి వచ్చేస్తోందని గొణిగాడు. ముప్పావును ముప్పావుతో గుణించి చూడమన్నాను.